తొండం పేరున ఎనిమిది గళ్ళు

మార్చి 3, సోమవారం

ఖాళీ వదిలినవాడు అక్కడ ఏం రావాలో తెలిసి వదిలాడా, తెలియక వదిలాడా?

ఈ ప్రశ్న ఇరవై రెండేళ్ళుగా నా దగ్గరే ఉంది. అడగవలసిన మనిషి ఒక్కడే, బాబాయి. వారానికి నాలుగు రోజులు ఆయన ఎదురుగానే కూర్చుంటాను. అడగలేదు.

అప్పుడు నేను ఎమ్మే పూర్తి చేసి, ఉద్యోగం దొరికేదాకా అని చెప్పి సినిమాలకీ టీవీకీ సంగీతం రాసే బాబాయి దగ్గర స్కోర్లు విడదీసే పనిలో చేరాను. బ్యాండు మొత్తానికి ఆయన పెద్ద కాగితం మీద రాసినదాన్ని, ఎవరు వాయించేది వాళ్ళకి వేరే కాగితాల మీద, పార్టులుగా, ఎత్తి రాయడం. ఆయన కాగితం ఎడమ అంచున వాయిద్యాల పేర్లు ఉండవు. మనుషులుంటారు, అదీ ముద్దు పేర్లతో. ట్రంపెట్ అని ఉండదు, దొర అని ఉంటుంది. ట్రాంబోన్ అని ఉండదు, తొండం అని ఉంటుంది. ఎవరైనా సొంతంగా వాయించాలంటే అన్ని బార్లు ఖాళీ వదిలి, పైన ఆ మనిషి పేరు రాస్తాడు. బార్లని ఆయన గళ్ళంటాడు, నాకూ అదే అలవాటైంది. "వీడు ఇక్కడ ఏం చేస్తాడో నాకు తెలుసు, రాయడం దండగ" అంటాడు.

అప్పట్లో ఒక టీవీ సీరియల్ టైటిల్ స్కోరులో నాలుగు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. పైన ఏ పేరూ లేదు. మర్నాడు పొద్దున్నే రికార్డింగు. ఫోనుకి బాబాయి దొరకలేదు. భయపడి ఆ నాలుగు గళ్ళూ నేనే నింపేశాను. పొద్దున బ్యాండు వాయించింది. బ్యాండుని నడిపిస్తున్న బాబాయి చెయ్యి ఆగలేదు, నా వైపు చూడనూ లేదు. సీరియల్ పదకొండేళ్ళు నడిచింది. బ్యాంకు క్యూలో నిలబడి జనం కూనిరాగం తీసేది ఆ నాలుగు గళ్ళనే.

ఇవాళ కొత్త సినిమా కాగితాల మొదటి కట్ట వచ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత బాబాయికి దొరికిన సినిమా. పద్నాలుగో బిట్టు: ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకావిడ గది గదికీ వెళ్ళి లైట్లు ఆర్పుతుంది. మధ్యలో ఎనిమిది గళ్ళు ఖాళీ. పైన బాబాయి అక్షరం, వంకర లేకుండా, ఎప్పటిలాగే: తొండం.

తొండం పోయి ఆరేళ్ళయింది. ఆ రోజు బాబాయి నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.

కాగితం బోర్లించి పెట్టాను.


మార్చి 4

అడగలేదు.


మార్చి 6, గురువారం

బాబాయి మేడ మీద గది. గోడలకి పాత కంబళ్ళు, మూడు ఇనప బీరువాల నిండా స్కోర్లు, మూత మీద గ్లాసుల మరకలున్న పియానో. ఆయన కంప్యూటర్లో సినిమాని శబ్దం తీసేసి చూస్తున్నాడు. ఎప్పుడూ అంతే, మూగగా చూస్తేనే వినపడుతుందంటాడు.

"ఏం అమ్మలూ, మొహం అట్లా పెట్టావ్? కాపీ తప్పిందా, కాపురం తప్పిందా?"

"పద్నాలుగో బిట్టు చూశాను బాబాయ్."

"ఊఁ."

"అందులో తొండం అని రాశావు."

"అవును. వాడిదే అది."

సూటిగా అడగాలనే మెట్లెక్కాను. మెట్లెక్కుతూ వాక్యం కూడా కూర్చుకున్నాను. తీరా నోరు తెరిస్తే వచ్చింది వేరు. "ఆయన... ఎట్లా వస్తారు?"

"ఏనాడు టైముకొచ్చాడు గనక," అన్నాడు పెన్సిలు చెక్కుకుంటూ.

నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే మెట్లు దిగాను. ఆఖరి మెట్టు మీద నిలబడి ఆ మాట మళ్ళీ అనుకుని చూశాను.

జోకే. జోకే అయ్యుండాలి. యాభై ఏళ్ళుగా ప్రతిదానికీ జోకేసిన మనిషి ఇప్పుడు జోకేస్తే, దాని వెనక మనిషి ఉన్నాడో లేడో ఎట్లా కనుక్కోవడం?

"డెబ్భై నాలుగేళ్ళు కదా, చెయ్యగలరా?" అని నిర్మాత అడిగినప్పుడు పూచీ పడ్డది నేనే. ఏమాత్రం తేడా కనిపించినా ఇంకొకరితో చేయించుకుంటామని వాళ్ళు దాచలేదు. ఈ సినిమా మధ్యలో లాగేసుకుంటే బాబాయి మళ్ళీ పెన్సిలు పట్టడు. నాకు తెలుసు. పోనీ అని నేను నోరు మూసుకుంటే, రికార్డింగులో ముప్పై మంది ముందు ఆయన చనిపోయినవాడికి సైగ చేసి, వాడు వాయించలేదేమని చుట్టూ చూస్తే?

మా ఆయనకి చెప్పాను. "అడిగెయ్యరాదూ, నోటి ముత్యాలేం రాలిపోవుగా" అన్నాడు. ఆయనకి అన్నీ సులభమే.


మార్చి 8, శనివారం

పద్నాలుగో బిట్టు పడే సీను ఒక నిమిషం యాభై రెండు సెకన్లు. నా దగ్గరున్న సినిమా కాపీ మీద మూడుసార్లు స్టాప్‌వాచ్ పెట్టాను. బాబాయి రాసింది నిమిషంన్నర. ఇరవై రెండు సెకన్లు తక్కువ.

ఈయన ఫ్యాను కిర్రుమంటే నిమిషానికెన్నిసార్లో చెప్పే మనిషి. ఆ రోజుల్లో ఛేజింగు సీను మూడు నిమిషాల నలభై సెకన్లని నోటిమాటగా చెబితే చాలు, రీలు చూడకుండా రాసుకొచ్చేవాడు. ఇత్తడి సింబల్ మీద ఆఖరి దెబ్బ సరిగ్గా కారు తలుపు పడేచోట పడేది. ఎడిటర్లు పందాలు కాసి ఓడిపోయేవాళ్ళు.

ఇరవై రెండు సెకన్లు.

ఆరు గళ్ళు కలిపాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళేచోట. ఆయన స్కోరులోనే, ఆయన అక్షరంలోనే. నా చేతికి ఆయన అక్షరం ఎప్పుడొచ్చిందో నేను గమనించుకోలేదు. ఎవరూ పోల్చుకోలేరు.

ఇది దొంగతనం కాదు. సాయం.


మార్చి 9, ఆదివారం

పిన్ని డాబా మీద ఆరిన బట్టలు మడత పెడుతోంది. నేను కూర్చోగానే మొదలుపెట్టింది.

"మొన్న మీ బాబాయి ఘనకార్యం విన్నావా? పాత డాన్సు హాలుకి పోయాట్ట."

బ్యాండు మొదలైంది ఆ హాల్లోనే, తొమ్మిది మందితో. నాన్న పియానో, బాబాయి క్లారినెట్టు పట్టుకుని ముందు నిలబడేవాడు. ఇప్పుడది ఫర్నిచర్ షాపు.

"షాపులో గంటసేపు అటూ ఇటూ తిరిగి, 'ఈ బీరువాలు అవతల పెడితే ఇక్కడ పద్దెనిమిది మంది పడతారు' అన్నాట్ట. షాపువాడు పెద్ద బేరం అనుకుని కాఫీ కూడా తెప్పించాట్ట పాపం. తాగి వచ్చాడు."

నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

"పిన్నీ, బాబాయి ఈమధ్య ఏమైనా మర్చిపోతున్నాడా?"

"నా పుట్టినరోజు నలభై ఆరేళ్ళుగా మర్చిపోతున్నాడు. కొత్తగా ఏం మర్చిపోతాడే."

మడత పెట్టిన చొక్కా విప్పి మళ్ళీ మడత పెట్టింది. మళ్ళీ విప్పింది.

"ఎవరితోనన్నా అన్నావా?" అంది తలెత్తకుండా.

"లేదు."

"అనకు."


మార్చి 12, బుధవారం

దొర మామయ్య వచ్చాడు. ఇస్త్రీ కోటు, అద్దంలా మెరిసే బూట్లు, డెబ్భై ఒకటో ఏట కూడా పెళ్ళికొడుకులా. పాత బ్యాండులో ట్రంపెట్ వాయించగలిగే ఊపిరి ఇంకా ఉన్నది ఈయనొక్కడికే. పద్నాలుగో బిట్టు ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మీ బాబాయికి చూపించావా?"

"రాసింది ఆయనే మామయ్యా."

"అది నాకూ తెలుస్తోంది. మరి ఈ ఆరు గళ్ళు ఎవరివి?"

వేలు పెట్టి చూపించాడు. వంటింటిచోట.

"అక్షరం వాడిదే," అన్నాడు. "కానీ ఊపిరి తీసుకునే సందు లేదు. నువ్వు పియానో ముందు పెరిగినదానివి, వేళ్ళకి ఊపిరి అక్కర్లేదు. అప్పుడూ ఇదే చేశావు."

"ఎప్పుడు?"

"ఎప్పుడేమిటమ్మా. ఆ సీరియల్లో నాలుగు గళ్ళు. అవి వాయించేసరికి నా మొహం వంకాయ రంగుకొచ్చింది. పదకొండేళ్ళు ఊరంతా కూనిరాగం తీశారు, ఊపిరాడక పోయింది నేను."

ఇరవై రెండేళ్ళు దాచుకున్నాననుకున్నది ఆయన టీ తాగుతూ తేల్చేశాడు.

"బాబాయికి తెలుసా?"

"నాకు తెలిస్తే వాడికి తెలియదా?"

"మరి ఎందుకూరుకున్నాడు?"

"నన్నడిగితే ఏం లాభం. వాణ్ణడుగు." లేచి కోటు సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "తొండం గురించి కూడా వాణ్ణే అడుగు. నా వల్ల కాదు. నాకు భయం."

ఆయనకి కూడా భయమే అంటే నా భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.


మార్చి 13

అడగలేదు.


మార్చి 15, శనివారం

దర్శకురాలి ఆఫీసు. ముప్పై రెండేళ్ళ పిల్ల, బాబాయి సీరియల్ ట్యూను వింటూ పెరిగానని మొదటి రోజే చెప్పింది. నేను పార్టులు ఎంతవరకూ వచ్చాయో చెప్పడానికి వెళ్ళాను. అంతా బాగుందని చెప్పడానికి వెళ్ళాను.

"అక్కా, మాస్టారు మీకు చెప్పే ఉంటారుగా, వంటింటి షాటు ఎత్తేశాం."

"ఏ షాటు?"

"లైట్లార్పే సీన్లో. ఆవిడ అన్ని గదులూ ఆర్పి వంటింటి లైటు మాత్రం ఆర్పకుండా పోతే ఎట్లా ఉంటుందీ అన్నారు మాస్టారు. ఎడిటర్‌తో పక్కన కూర్చుని ఆయనే చూపించారు. మొత్తం సీను మారిపోయిందక్కా. ఇప్పుడు సరిగ్గా నిమిషంన్నర. మీకు కొత్త కాపీ పంపలేదా? అయ్యో."

పంపలేదు.

నా దగ్గరున్నది పాత కాపీ. లెక్క తప్పింది నేను. బాబాయి ఒక్క సెకను కూడా తప్పలేదు.

ఇంటికొచ్చి ఆ ఆరు గళ్ళూ రబ్బరుతో తుడిచాను. కాగితం పలచబడింది గాని చిరగలేదు.

ఆయన బాగున్నాడు. గుండె కుదుటపడాలి కదా. కానీ ఆ పిల్ల మాట విన్న క్షణాన నాకు కలిగింది సంతోషం కాదు. అది నిరాశలా ఉంది.


మార్చి 16

నిన్నటి ఆఖరి మాట నిజం కాదు. అలసటలో రాశాను.


మార్చి 18, మంగళవారం

జ్ఞాపకశక్తి గురించి ఒక ఆసుపత్రి వాళ్ళు పెట్టిన ప్రశ్నల పట్టిక దొరికింది. ఇంట్లోవాళ్ళు నింపాలట.

తెలిసినవాళ్ళ పేర్లు మర్చిపోతున్నారా? లేదు. దారి తప్పుతున్నారా? లేదు. చేసే పనిలో వరస తప్పుతున్నారా? లేదు, నేను తప్పుతున్నాను. ఉన్నట్టుండి కోపం? నలభై నాలుగేళ్ళుగా చూస్తున్నాను, బ్యాండు మీద తప్ప ఎవరిమీదా లేదు.

పోయినవాళ్ళు పోయారన్న సంగతి మర్చిపోతున్నారా అని వాళ్ళు అడగలేదు.

ఏప్రిల్ 3కి డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. పేషెంటు పేరు అడిగితే నాదే చెప్పాను.


మార్చి 20, గురువారం

పిన్నీ బాబాయీ పెళ్ళికి వెళ్ళారు. తాళం నా దగ్గరుంది. బీరువాలు తెరిచాను.

వెతికింది ఒక్కదానికోసమే. ఇంతకు ముందెప్పుడైనా లేని మనిషికి గళ్ళు వదిలాడా?

పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. డాన్సు హాలు రోజులు: కాగితాల మీద చెమట మచ్చలు. బ్యాండు పద్దెనిమిది మంది అయిన రోజులు. పన్నెండు సినిమాలు, అందులో ఏడు హాస్యమే, బాబాయి విచారం రాయలేడని ఎవరో పుకారు పుట్టించారు. తర్వాత టీవీ. వార్తలకి ఇరవై సెకన్లు, వాతావరణానికి ఎనిమిది, సబ్బుకి ఐదు. వాతావరణం స్కోరు మీద "చెవుడూ, వానని మెల్లగా కొట్టు, అందరూ గొడుగులు తేలేదు" అని రాసి ఉంది. చెవుడంటే డ్రమ్స్ ఆయన. నవ్వొచ్చింది, ఆ ఖాళీ ఇంట్లో ఒక్కదాన్నీ నవ్వాను.

మూడో బీరువాలో, అడుగున, దొరికింది. ఒక సినిమా బిట్టు. పియానో వరస ఉండాల్సినచోట పన్నెండు గళ్ళు ఖాళీ. పైన: అన్నయ్య.

అన్నయ్య అంటే మా నాన్న. ఆ సినిమా విడుదలయ్యేనాటికి నాన్న పోయి ఐదు నెలలు. నాకప్పుడు పదిహేడు.

అయితే ఇది కొత్త కాదు. బాబాయి అప్పుడూ చేశాడు. లేని మనిషి కోసం గళ్ళు వదలడం ఆయన పద్ధతి. జబ్బు కాదు. నేల మీద కూర్చుండిపోయాను. ఏడ్చాను కూడా.

తర్వాత అనుమానం. సినిమా విడుదలైన తేదీ నాకు తెలుసు, స్కోరు రాసిన తేదీ తెలియదు. కాగితం మీద లేదు. నాన్న ఉండగానే రాసి ఉండొచ్చు. ఆ సినిమా తీసి ఆ బిట్టు విన్నాను. పన్నెండు గళ్ళలోనూ పియానో ఉంది. ఎవరిదో. నాన్నది కావచ్చు. నాన్న వాయిస్తే నేను పోల్చుకోగలననుకునేదాన్ని. ఆరుసార్లు విన్నాను.

దొర మామయ్యకి ఫోన్ చేశాను. "అప్పుడు పియానో ఎవరు వాయించారు?"

"గుర్తులేదమ్మా," అన్నాడు.


మార్చి 22, శనివారం

రికార్డింగు మంగళవారం. ఇక కూర్చోలేకపోయాను.

ఆ ఎనిమిది గళ్ళూ రాశాను. దొర మామయ్య పార్టులో, ట్రంపెట్‌కి. ఈసారి ఊపిరికి చోటు వదిలాను. రికార్డింగు ఇంజనీరు దగ్గరుండే స్కోరు కాపీలోనూ ఎక్కించాను. బాబాయి ముందుండే స్కోరు ముట్టుకోలేదు. ఆయన సైగ చేసేవేళకి ఎవరో ఒకరు వాయిస్తారు. ఖాళీ బయటపడదు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోరు. ఇది ఆయన కోసం.

బాగా వచ్చింది. మూడోసారి వాయించుకుని చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది. ఆవిడ ఆఖరి గది దాటి గుమ్మంలో వెనక్కి తిరిగేచోట స్వరం ఒక మెట్టు కిందకి దిగి ఆగుతుంది.

ఇది ఆయన కోసం అని పైన రాశాను. సరే.


మార్చి 24, సోమవారం

స్టూడియోలో కుర్చీలు వేయించారు ఇవాళ. బాబాయి బ్యాండు నడిపే కర్ర పట్టుకుని అన్నీ లెక్కపెట్టాడు. స్టూడియో మేనేజరుతో, "రెండో వరసలో ఇంకొకటి పడాలి" అన్నాడు.

"ముప్పై ఒక్క మందే కదండీ మాస్టారూ. లిస్టు ఈ మేడమ్‌గారే ఇచ్చారు."

"మేడమ్ చిన్నపిల్ల. ఇంకొకటి వెయ్యి."

మేనేజరు నా వైపు చూశాడు. బాబాయి కూడా చూశాడు, మామూలుగా, ఉప్పు అందించమన్నట్టు. ఇప్పుడు అడగొచ్చు. ఎవరికోసం బాబాయ్ అని రెండు ముక్కలు.

"వెయ్యండి," అన్నాను.


మార్చి 25, మంగళవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగానే రాస్తాను.

పదమూడు బిట్లూ మధ్యాహ్నం మూడుకల్లా అయిపోయాయి. బాబాయి ఒక చెవికే హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు, రెండోది బ్యాండు కోసం. ఒక వయొలిన్ పిల్ల తడబడితే, "భయపడకమ్మా, నీకంటే అధ్వానంగా వాయించినవాళ్ళకి నేను సన్మానాలు చేశాను" అన్నాడు. హాలంతా నవ్వింది. నిర్మాత రెండుసార్లు వచ్చి తల ఊపి వెళ్ళాడు. నేను అద్దం ఇవతల, ఇంజనీరు పక్కన. ఇంజనీరు ముందు నేను రాసిచ్చిన స్కోరు కాపీ. దర్శకురాలు వెనక సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

పద్నాలుగు.

తెర మీద ఆవిడ మొదటి లైటు ఆర్పింది. తీగ వాయిద్యాలు పట్టీ పట్టనట్టు మొదలయ్యాయి. రెండో గది. ఖాళీ గళ్ళకి ఒక్క గడి ముందు దొర మామయ్య ట్రంపెట్ పెదాల దాకా ఎత్తాడు. ఊపిరి పీల్చుకోవడం భుజాల్లో కనిపించింది.

బాబాయి ఎడమ చెయ్యి లేచింది. దొర మామయ్య వైపు కాదు. రెండో వరస కొసన ఖాళీగా ఉన్న కుర్చీ వైపు. అరచెయ్యి పైకి పెట్టి, రా అన్నట్టు, అందరికీ చేసే సైగే.

దొర మామయ్య ఆ చేతిని చూశాడు. ట్రంపెట్ ఒళ్ళోకి దించుకున్నాడు.

ఎవరూ వాయించలేదు. బేసు, డ్రమ్ము మీద బ్రష్షుల గీర, అంతే. బాబాయి చెయ్యి అట్లాగే ఉంది. ముఖం ఇటు తిరిగి లేదు, నాకు వీపే కనిపిస్తోంది. ఎనిమిది గళ్ళంటే ఇరవై తొమ్మిది సెకన్లు. నేను లెక్కపెట్టాను. ఇంక ఆపుతాడు, ఇంక చుట్టూ చూస్తాడు, వీడేడి అంటాడు, ఇప్పుడు, ఇప్పుడు.

ఇంజనీరు స్కోరు మీద వేలు పెట్టి నా వైపు తిరిగాడు. "ఇక్కడ ట్రంపెట్ ఉందండీ. ఆపమంటారా? మిస్సయ్యారు."

అక్కడ నా స్వరాలున్నాయి, ఎనిమిది గళ్ళూ నిండుగా. నిర్మాత గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

"లేదు," అన్నాను. "అది ఖాళీనే. నేనే తప్పు ఎక్కించాను."

ఇంజనీరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెర మీద ఆవిడ గుమ్మంలో వెనక్కి తిరిగింది. వంటింట్లో లైటు వెలుగుతోంది. బాబాయి చెయ్యి దిగింది, తీగ వాయిద్యాలు మళ్ళీ అందుకున్నాయి, సరిగ్గా నిమిషంన్నరకి ఆగాయి.

వెనక సోఫాలోంచి ముక్కు చీదిన చప్పుడు. దర్శకురాలు. "ఇంకో టేక్ వద్దు," అంది. "ఏమీ ముట్టుకోవద్దు."

బయట వరండాలో దొర మామయ్య ట్రంపెట్ పెట్టెలో పెడుతూ, "బాగా రాశావమ్మా, నిజంగా బాగుంది," అన్నాడు. "కానీ వాడి చెయ్యి అటు పోయాక నేనెట్లా వాయించను? వాడు ఇచ్చింది నాకు కాదుగా."

కారు నేను నడిపాను. బాబాయి ముందు సీట్లో, ఒళ్ళో టోపీ. స్టూడియో గేటు దాటాం. తర్వాత, "తొండం ఇవాళ ఒక్క గడి కూడా ఆలస్యం చెయ్యలేదు, చూశావా?" అన్నాడు.

గొంతులో నవ్వుందో లేదో, ట్రాఫిక్ చప్పుడులో నాకు తెలియలేదు.

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. అడిగాను. ఆఖరికి అడిగాను. "బాబాయ్, తొండం పోయి ఆరేళ్ళయింది. నీకు తెలుసు కదా?"

అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు.

"పచ్చ లైటు పడింది," అన్నాడు. "పోనీ."


మార్చి 27, గురువారం

పిన్ని ఫోన్. రెండు రోజులుగా హుషారుగా ఉన్నాడట, పాత షూస్‌కి పాలిష్ పెట్టుకుంటున్నాడట, ఎక్కడికని అడిగితే చెప్పడట.

"బాగున్నాడే," అంది. "బాగున్నాడు కదా?"

"బాగున్నాడు పిన్నీ."




మార్చి 29, శనివారం

దర్శకురాలు ఫోన్ చేసింది. పన్నెండు భాగాల టీవీ సీరియల్, మొత్తం బాబాయే చెయ్యాలట. నిర్మాతకి ఆ ఎనిమిది గళ్ళ నిశ్శబ్దం పిచ్చిగా నచ్చిందట, అట్లాంటి ధైర్యం ఈ రోజుల్లో ఎవరికుంది అన్నాడట. "మాస్టారు చేయగలరని మీరొక్క మాట చెప్తే చాలక్కా. సోమవారం పదింటికల్లా. మీ మాట మీదే పోతాం."

మేడ మీదకి వెళ్ళి బాబాయికి చెప్పాను.

"ఎన్నాళ్ళ పని?"

"ఏడాదిన్నర."

పియానో మూత మీద వేళ్ళతో ఏదో తాళం వేశాడు. ఏం తాళమో పట్టుకోలేకపోయాను. "నువ్వేమంటావ్?" అన్నాడు.

"నీ ఇష్టం బాబాయ్."

"నా ఇష్టం నాకు తెలుసులే. నిన్నడుగుతున్నాను."

ఆ చూపు నాకు బాగా తెలిసిన చూపు. బ్యాండులో ఎవరికైనా గళ్ళు వదిలే ముందు చూసే చూపు. లేకపోతే, ఎదురుగా ఉన్నదెవరో ఒక్క క్షణం తెలియని మనిషి చూపు. రెండూ ఒకేలా ఉంటాయా? ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చున్నదాన్ని, నేనే చెప్పలేకపోతే ఇంకెవరు చెబుతారు?

సోమవారం చెబుతానన్నాను.

ఒప్పుకుంటే, ఆయనకి నిజంగానే జబ్బయితే, పన్నెండు భాగాల పొడుగునా నేను ఆయన అక్షరంలో రాస్తూ పోతాను. రాయగలను. నన్ను భయపెట్టేది అదే, రాయగలను. వద్దంటే, ఆయనకి ఏమీ లేకపోతే, అందరూ ధైర్యం అన్నదాన్ని నేనొక్కదాన్నే జబ్బని పేరు పెట్టి ఆయన చేతిలోంచి పెన్సిలు లాగేసినదాన్నవుతాను. గురువారం డాక్టరు టైము ఇంకా నా పేరు మీదే ఉంది. తీసుకెళ్ళాలంటే ఆయనకి చెప్పాలి. చెప్పాలంటే నాకు తెలియాలి.

ఆ రోజు ఇంజనీరుతో "లేదు, ఖాళీనే" అన్నాను కదా. ఆ ఖాళీ బాబాయి కావాలని పెట్టిందేనని నమ్మి అన్నానా, నిర్మాత ముందు బాబాయి పట్టుబడిపోతాడని భయపడి అన్నానా? నాలుగు రోజులుగా అదే అడుక్కుంటున్నాను. ఒక పూట నమ్మకమనిపిస్తుంది, ఒక పూట భయమనిపిస్తుంది. అది తేలితే సోమవారం ఏం చెప్పాలో తేలుతుంది.

తేలలేదు.